తోచిన మాట, గురువు చెప్పిన మాట

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర పాఠం విన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. గురువు అనగానే మీకు ఒక ముఖం, ఒక గొంతు గుర్తొస్తాయి. అలాంటివాళ్ల ముందు నిలబడి, ఆధ్యాత్మిక మార్గంలో గురువు తప్పనిసరా, లోపలి స్ఫురణ చాలదా అని అడగడం కొంచెం సాహసమే. కానీ జీవితమంతా పాఠం చెప్పినవారి స్మారక సభలో ప్రశ్న అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

ఈ ప్రశ్నకు మన ఇళ్లలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. గురువు లేని విద్య గుడ్డి విద్య అంటుంది పెద్దతరం. నా మనసే నాకు గురువు అంటుంది కొత్తతరం. తమాషా ఏమిటంటే, మనసే గురువన్న కుర్రవాడు రోజూ సెల్‌ఫోన్‌లో ఎవరిదో ఒకరి ప్రవచనం వింటూనే ఉంటాడు. గురువే సర్వమన్న పెద్దాయన ఆ గురువును ఎంచుకున్నది తన మనసుకు తోచినదాన్ని బట్టే. ఇద్దరూ రెండింటినీ వాడుకుంటున్నారు. ఒప్పుకునేది మాత్రం ఒక్కదాన్నే. నేను చెప్పదలచినది కూడా ఒక్కటే. స్ఫురణకూ విలువ ఉంది, గురువుకూ విలువ ఉంది, రెండూ పరీక్షకు లోబడినంతవరకు. పరీక్ష వద్దనే గురువునూ, పరీక్ష వద్దనే స్ఫురణనూ ఒకే గాటన కట్టాలి.

దీనికి శాస్త్రాధారం ఎక్కడుందని అడిగితే ఛాందోగ్యోపనిషత్తు ఒక్కటి చాలు. అందులో మూడు కథలున్నాయి. మూడూ మనకు తెలిసినవే. మూడింటినీ వరుసగా పెట్టి చదివితే ఈ ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది.

మొదటిది సత్యకామ జాబాలుడిది. గురువు గౌతముడు అతనికి నాలుగు వందల బక్కావులను అప్పగించి మేపుకు రమ్మన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని కుర్రవాడు అడవికి వెళ్లాడు. ఏళ్లు గడిచాయి. అక్కడ అతనికి ఒక ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి ఒక్కో పాదం చొప్పున బ్రహ్మవిద్య చెప్పాయి. ఒంటరిగా ప్రకృతి మధ్య బతికిన మనిషికి లోపలినుంచి తట్టిన జ్ఞానం అది అనుకోండి. అతను తిరిగి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. ఎవరు బోధించారని గురువు అడిగాడు. మనుషులు కానివారు చెప్పారన్నాడు సత్యకాముడు. అంతటితో ఆగలేదు. ఆచార్యుడి ద్వారా తెలిసిన విద్యే గమ్యం చేరుస్తుందని విన్నాను, మీరు చెప్పండి అని అడిగాడు. గౌతముడు చెప్పాడు. ఏం చెప్పాడు? అడవిలో విన్నదే మళ్లీ చెప్పాడు. అందులో ఏమీ తగ్గలేదని ఉపనిషత్తు ప్రత్యేకంగా అంటుంది. కొత్తది ఒక్క ముక్కా చేరకపోయినా సత్యకాముడికి గురువు కావలసివచ్చాడు. తనకు తోచింది భ్రమ కాదని చెప్పడానికి తనకంటే ముందు ఆ దారిన నడిచినవాడు ఒకడుండాలి.

రెండోది ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన గాంధార దేశస్థుడి దృష్టాంతం. దొంగలు ఒక మనిషిని కళ్లకు గంతలు కట్టి తెచ్చి నిర్జన ప్రదేశంలో వదిలేస్తారు. అతను అరుస్తాడు. ఎవరో వచ్చి గంతలు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉంది, ఇలా వెళ్లు అంటారు. ఆ తర్వాత అతను ఊరూరా అడుగుతూ, తెలివి ఉపయోగించుకుంటూ ఇల్లు చేరతాడు. ఆచార్యుడు ఉన్నవాడికే తెలుస్తుందన్న ప్రసిద్ధమైన మాట ఈ కథలోనే ఉంది. ఆ మాటను మనం వేదికల మీద తరచుగా వింటాం. కథలో మిగతా సగం వినం. గంతలు విప్పినవాడు అతన్ని భుజాన వేసుకుని మోయలేదు. వెంట కూడా నడవలేదు. దిక్కు చూపి తప్పుకున్నాడు. నడక, దారి వాకబు, వివేకం అన్నీ ప్రయాణికుడివే.

మూడోది ఇంద్ర విరోచనుల కథ. ఇందులో గురువు సాక్షాత్తు ప్రజాపతి. దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు వెళ్లి ముప్పై రెండేళ్లు బ్రహ్మచర్యం చేశారు. ప్రజాపతి వాళ్లను నీటిపాత్రలో చూసుకోమన్నాడు. అలంకరించుకుని మళ్లీ చూడమన్నాడు. కనిపించినదే ఆత్మ అన్నాడు. ఇద్దరూ తృప్తిగా లేచి వెళ్లారు. విరోచనుడు తిన్నగా ఇంటికి వెళ్లి, దేహమే ఆత్మ, దాన్నే పూజించండని ప్రచారం మొదలుపెట్టాడు. ఇంద్రుడికి దారిలో సందేహం వచ్చింది. దేహం గుడ్డిదైతే ఆ ఆత్మా గుడ్డిదవుతుందే, దేహం పోతే అదీ పోతుందే, ఇందులో నాకు మేలేమిటి అనుకుని వెనక్కి వచ్చాడు. మరో ముప్పై రెండేళ్లు ఉండమన్నాడు ప్రజాపతి. ఈసారి కలలో తిరిగేవాడే ఆత్మ అన్నాడు. మళ్లీ సందేహం, మళ్లీ ముప్పై రెండేళ్లు. గాఢనిద్రలో ఉన్నవాడన్నాడు. మళ్లీ సందేహం. చివరికి ఇంకో అయిదేళ్లు. మొత్తం 101 సంవత్సరాలు.

గురువు ఒక్కడే. చెప్పిన మాటా ఒక్కటే. ఒకడు పూర్తి విశ్వాసంతో వెళ్లి మునిగాడు, ఇంకొకడు సందేహించి తేలాడు. గురుభక్తి మాత్రమే కొలమానమైతే విరోచనుడే మెరుగైన శిష్యుడు. మొదటిసారి విన్నదానికే తలవంచాడు కదా! లోపలి స్ఫురణే కొలమానమైనా విరోచనుడు తప్పు చేయలేదు. అతనికీ తట్టింది, అతనికీ శాంతి కలిగింది. ప్రశాంతంగా ఉన్న మనసుతోనే ఇద్దరూ వెళ్లారని ఉపనిషత్తు చెబుతుంది. మనశ్శాంతి కలిగింది కాబట్టి ఇదే సత్యం అనుకునేవాళ్లందరూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇంద్రుణ్ణి గెలిపించింది దారిలో ఆగి ఆలోచించిన ఆ కాసేపు, తిరిగి వచ్చి అడగడానికి సిగ్గుపడని గుణం. అంతే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ ప్రజాపతి విసుక్కోలేదు, నన్నే అనుమానిస్తావా అనలేదు. నువ్వన్నది నిజమే అన్నాడు.

స్ఫురణకు మన సంప్రదాయం అసలు చోటే ఇవ్వలేదని కొందరనుకుంటారు. అది సరికాదు. మనుస్మృతి ధర్మానికి ఆధారాలు చెబుతూ వేదం, స్మృతి, సదాచారం తర్వాత నాలుగో స్థానంలో ఆత్మతుష్టిని పెట్టింది. అంటే మనసు ఒప్పుకోవడం. పై మూడూ తేల్చనిచోట సంస్కారవంతుడి మనసు చెప్పిందే దారి. దీనికి ఉదాహరణగా కుమారిల భట్టు తంత్రవార్తికంలో అభిజ్ఞాన శాకుంతలంలోని దుష్యంతుడి మాటను ఉదహరించాడు. సందేహం వచ్చినప్పుడు సజ్జనుల మనసు ఎటు మొగ్గితే అదే ప్రమాణమని ఆ మాటకు భావం.

ఈ మాట దుష్యంతుడు ఎప్పుడన్నాడో గుర్తు చేసుకోండి. కణ్వాశ్రమంలో చెట్టు చాటున నిలబడి శకుంతలను చూస్తున్నప్పుడు. ముని ఆశ్రమంలోని పిల్లను క్షత్రియుడు కోరవచ్చా అన్న సందేహానికి, నా మనసు కోరింది కనుక తప్పు ఉండదు అని తనకు తానే తీర్పు ఇచ్చుకున్నాడు. ఆ పిల్ల క్షత్రియ సంతానమేనని తర్వాత తేలింది కాబట్టి తీర్పు నిలిచింది. కానీ కాళిదాసు ఆ మాటను కోరికతో ఉన్నవాడి నోట పెట్టడం ఊరికే జరిగి ఉంటుందా? మనసు చెప్పిందనేవాడు చాలాసార్లు మనసు కోరినదాన్నే చెబుతుంటాడు. లోపలి గొంతూ, లోపలి కోరికా ఒకే భాషలో మాట్లాడతాయి. వాటిని విడదీయడమే సాధన.

ఇప్పుడు పుస్తకాలనుంచి మనకు దగ్గరి కాలానికి వద్దాం. గురువు అక్కర్లేదనేవాళ్లు మొదట చెప్పే పేరు రమణ మహర్షి. 1896 జులైలో మధురైలో పినతండ్రి ఇంట్లో, పదహారేళ్ల వెంకటరామన్‌కు ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంది. ఎవరినీ పిలవలేదు. శవంలా పడుకుని, చనిపోయేది ఏమిటి అని లోపలికి చూశాడు. అప్పుడు కలిగిన ఎరుక మళ్లీ పోలేదు. ఆ సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు. 1950 ఏప్రిల్ 14న దేహం విడిచేవరకు ఆ ఊరు వదలలేదు. ఏ మనిషీ ఆయనకు దీక్ష ఇవ్వలేదు.

ఇంతవరకూ అందరూ చెబుతారు. తర్వాత జరిగినదీ చెప్పాలి. అక్కడి అరుణాచలం కొండమీద ఉన్న రోజుల్లో పక్కనున్న భక్తులు తెచ్చిన వేదాంత గ్రంథాలను వాళ్ల కోసం ఆయన చదివారు. తనకు మధురైలో జరిగినదాన్నే ఆ గ్రంథాలు పేర్లు పెట్టి వివరిస్తున్నాయని అప్పుడు గుర్తించారు. సత్యకాముడు చేసిన పనే ఇది. అనుభవం ముందు వచ్చింది, సరిచూడటం తర్వాత జరిగింది. గురువు అవసరమా అని అడిగినవారికి ఆయన వద్దని చెప్పలేదు. గురువు మానవరూపంలోనే ఉండనక్కర్లేదన్నారు. తనకు అరుణాచలమే గురువన్నారు. బయటి గురువు మనసును లోపలికి తోస్తాడు, లోపలి గురువు లాక్కుంటాడు, ఇద్దరూ ఒకటే అని ఆయన బోధ సారాంశం.

ఇక్కడే మన తెలుగువాడొకాయన కథలోకి వస్తారు. బొబ్బిలి దగ్గర కలవరాయిలో 1878లో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతి శాస్త్రి. 1900లో నవద్వీప పండితసభలో ఆశుకవిత్వం చెప్పి కావ్యకంఠ బిరుదు పొందినవారు. ఏళ్లతరబడి మంత్రజపాలు చేసినా తపస్సంటే ఏమిటో తెలియలేదన్న వెలితి ఆయనను వేధించింది. 1907 నవంబరులో ఆ కొండమీది విరూపాక్ష గుహకు ఎక్కి, తనకంటే వయసులో ఏడాది చిన్నవాడైన, పాండిత్యంలో తన సాటి రాని యువకుడి పాదాలు పట్టుకుని అడిగారు. జవాబుగా కొత్త మంత్రం రాలేదు. నేను అనే తలపు ఎక్కడినుంచి పుడుతుందో చూడు, మంత్రనాదం ఎక్కడినుంచి పుడుతుందో చూడు, మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు అన్న బోధ వచ్చింది. ఆ యువకుడికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఈ పండితుడే.

ఈ బంధంలో నాకు అబ్బురమనిపించేది పాదాలు పట్టుకోవడం ఒక్కటే కాదు, తర్వాతి నడక. గణపతి శాస్త్రి తన శక్త్యుపాసన మానలేదు. తన ఆలోచనలు మానలేదు. ఉమాసహస్రం రాశారు. గురువును ప్రశ్నలడిగి, ఆ జవాబులతో పద్దెనిమిది అధ్యాయాల రమణగీత కూర్చారు. గురువూ ఆయనను తన దారికి లాగాలని చూడలేదు. గంతలు విప్పి దిక్కు చూపిన మనిషిని ఇక్కడ చూడవచ్చు.

రామకృష్ణ పరమహంసది ఇంకో రకం. దక్షిణేశ్వరంలో కాళి కోసం ఏడ్చి ఏడ్చి దర్శనం పొందినప్పుడు ఆయనకు గురువు లేరు. చుట్టుపక్కలవాళ్లు పిచ్చి అనుకున్నారు. తనకే అనుమానం వచ్చింది. 1861లో వచ్చిన భైరవీ బ్రాహ్మణి ఆ లక్షణాలను శాస్త్రాలతో పోల్చి, ఇది పిచ్చి కాదని పండితుల ముందు వాదించింది. తర్వాత తోతాపురి అద్వైత మార్గం చూపించాడు. అలా నేర్చుకున్నవాడు గురువయ్యాక ఎలా ఉన్నాడు? 1881లో వచ్చిన నరేంద్రుడు ఆయనను ఒక్కరోజులో ఒప్పుకోలేదు. డబ్బు ముట్టుకుంటే ఒళ్లు మండుతుందంటారు కదా, నిజమో కాదో చూద్దామని పరుపు కింద రూపాయి బిళ్ల దాచాడు. రామకృష్ణులు పరుపు మీద కూర్చోబోయి ఉలిక్కిపడి లేచారు. పరీక్ష అని తెలిశాక సంతోషించారు. నాణెం మార్చేవాడు నాణేన్ని పరీక్షించినట్టు నన్ను పరీక్షించుకోండన్నది ఆయన ఉపదేశమే. ఇవాళ ఏ ఆశ్రమంలోనైనా గురువు ఆసనం కింద ఒక శిష్యుడు రూపాయి పెడితే ఏమవుతుందో ఊహించుకోండి!

మరి గురువును పూర్తిగా తోసిపుచ్చినవారి సంగతి? మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అడయారులో దివ్యజ్ఞాన సమాజంవారు 1909లో గుర్తించి, లోకగురువుగా తయారు చేయబూనుకున్నారు. 1911లో ఆయన చుట్టూ ఒక సంఘమే వెలిసింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, అనీ బిసెంట్ సమక్షంలో, వేలమంది సభ్యుల ముందు ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి దారులు వేయలేమని, అనుచరులు తనకు వద్దని చెప్పారు. విరాళంగా వచ్చిన భూములను, కోటను తిరిగి ఇచ్చేశారు. గురుపీఠాన్ని అంత సులువుగా దిగినవాళ్లు చరిత్రలో అరుదు.

ఆ తర్వాత 1986లో చనిపోయేవరకు, అంటే 56 ఏళ్లకు పైగా ఆయన దేశదేశాలు తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు. జనం వింటూనే ఉన్నారు. వినేవాళ్లలో కొందరు, గురువు వద్దన్న మాటను కూడా గురువాక్యంగానే పట్టుకున్నారు. అది ఆయన తప్పు కాదు. మనిషికి ఆనుకునే గోడ కావాలి. ఒక గోడ తీసేస్తే ఇంకోటి వెతుక్కుంటాడు. కృష్ణమూర్తిని గుడ్డిగా స్ఫురణను నమ్మమన్నవాడిగా చూపడం కూడా పొరపాటే. మనం స్ఫురణ అనుకునేది మన కోరికే వేషం మార్చుకుని రావడం కావచ్చునని హెచ్చరించినవారాయన. గురువును కూల్చినవాడే స్ఫురణను కూడా అనుమానించాడన్న సంగతి, నా మనసే నా గురువు అనేవాళ్లు గమనించాలి.

ఇదే సమతూకం బుద్ధుడిలో ఇంకా ముందే కనిపిస్తుంది. కేసపుత్త అనే ఊరిలో కాలాములు ఆయనను అడిగారు. వచ్చిన ప్రతి సన్యాసీ తనదే నిజమంటున్నాడు, ఎవరిని నమ్మాలి? పరంపరగా వచ్చిందని, గ్రంథంలో ఉందని, ఈ శ్రమణుడు మా గురువని నమ్మకండి అన్నాడు బుద్ధుడు. ఇంతవరకే చెప్పి బుద్ధుణ్ణి హేతువాదిగా చూపుతుంటాం. ఆ జాబితాలోనే తర్కానికి నిలిచిందనీ, మన అభిప్రాయంతో సరిపోయిందనీ కూడా నమ్మవద్దని ఉంది. మరేం చేయాలి? ఆచరించి చూడు. లోభం, ద్వేషం, మోహం పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? విజ్ఞులు మెచ్చుకుంటారా, నిందిస్తారా? తేల్చేది ఫలితం. ఇలా చెప్పిన బుద్ధుడు తానూ ఆలార కాలాముడి దగ్గర, ఉద్దక రామపుత్రుడి దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లు చూపినంతమేర చేరుకున్నాక, అది చాలదని తెలిసి సెలవు తీసుకున్నాడు.

ఆధునిక మనస్తత్వశాస్త్రం కూడా దీనికి దగ్గరగానే వచ్చింది. స్ఫురణను శంకించిన డేనియల్ కానెమన్, స్ఫురణను సమర్థించిన గ్యారీ క్లైన్ కలిసి 2009లో ఒక వ్యాసం రాశారు. విరోధులుగా మొదలై ఒక మాట మీదికి వచ్చారు. చదరంగం ఆటగాడికో, మంటలార్పే దళనాయకుడికో క్షణంలో తట్టేది నమ్మదగినదే. ఎందుకంటే వాళ్ల రంగంలో ఒక క్రమం ఉంది, ఏళ్ల అభ్యాసం ఉంది, తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. ఈ షరతులు లేనిచోట ఎంత గట్టిగా తోచినా ఆ గట్టితనం సాక్ష్యం కాదు. ఆధ్యాత్మిక రంగంలో తప్పు తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి జీవితమే అయిపోతుంది. అందుకే ఇక్కడ తప్పును ముందే పట్టి చెప్పే మనిషి కావాలి. గురువుకున్న అసలు ఉపయోగం ఇదే. సంప్రదాయం తెలియనివాడు సర్వశాస్త్రాలూ చదివినా లెక్కలోకి తీసుకోనక్కర్లేదని శంకరులు గీతాభాష్యం పదమూడో అధ్యాయంలో అంత కటువుగా అనడానికి కారణమూ ఇదే అనుకుంటాను. సంప్రదాయమంటే తరతరాలుగా పోగుపడిన తప్పుల జ్ఞానం కూడా.

మరి ఆ మనిషి ఎలాంటివాడో ఎలా తెలుసుకోవాలి? ముండకోపనిషత్తు రెండు అర్హతలు చెప్పింది: శాస్త్రం తెలిసి ఉండాలి, బ్రహ్మంలో నిలిచి ఉండాలి. రెండోదాన్ని బయటినుంచి కొలవలేం. కొలవగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్న అడిగితే ముఖం ఎలా మారుతుంది? వెళ్లిపోతానన్నవాణ్ణి ఎలా సాగనంపుతారు? లెక్కలు ఎవరు చూస్తారు, అడిగితే చూపిస్తారా? స్త్రీలతో, పనివాళ్లతో ఎలా మాట్లాడతారు? రహస్యంగా ఉంచమన్న మాట ఎన్నిసార్లు వస్తుంది? శిష్యుడి ధనం హరించే గురువులు ఎందరో ఉంటారని, తాపం హరించేవాడు దొరకడం కష్టమని తాంత్రిక గ్రంథమైన కులార్ణవమే చెబుతుంది. జ్ఞానం కోరినవాడు ఒక గురువును వదిలి మరొకరి దగ్గరికి వెళ్లవచ్చని కూడా అదే అనుమతిస్తుంది. గురువును మార్చడం మహాపాపమని భయపెట్టేవారికి ఈ సంగతి చెప్పండి.

లోపలి మాటనూ ఇలాగే నిలదీయాలి. ఎప్పుడు చూసినా మనకు ఇష్టమైనదే చెబుతోందంటే అది స్ఫురణ అయ్యే అవకాశం తక్కువ. ఈ రాత్రి గొప్పగా తోచినది పది రోజుల తర్వాతా అలాగే ఉందా? ఎవరికైనా చెప్పాలంటే జంకుతున్నామా? నాకు తెలిసిందన్న భావం మనల్ని మెత్తబరుస్తోందా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేలా చేస్తోందా? మన ధ్యానం ఫలితం మనకంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. వాళ్లను అడగడానికి ధైర్యం ఉందా?

ఒక మాట మిగిలింది. ఇంత పరీక్షిస్తే శ్రద్ధ ఏమవుతుందని కొందరు పెద్దలు బాధపడవచ్చు. ఇంద్రుడికి శ్రద్ధ లేకపోతే నూటొక్క ఏళ్లు ఉండేవాడా? విరోచనుడు ముప్పై రెండేళ్లతో సరిపెట్టుకున్నాడు. సందేహించినవాడే ఎక్కువకాలం గురువు దగ్గర ఉన్నాడు. శ్రద్ధకు పరీక్ష శత్రువు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కనుక ఈ సభలోని యువతకు నా మనవి. మీకు తట్టినదాన్ని చిన్నచూపు చూడకండి, అది లేకుండా ఏ వెతుకులాటా మొదలుకాదు. దాన్ని తీసుకెళ్లి మీకంటే ముందు నడిచినవారి ముందు పెట్టండి, వాళ్లేమంటారో వినండి. వాళ్లు చెప్పినదాన్ని మళ్లీ మీ బతుకులో పెట్టి చూడండి. పెద్దలకు నా మనవి: మీ దగ్గరికి ప్రశ్నతో తిరిగి వచ్చినవాణ్ణి కసురుకోకండి. ప్రజాపతి కసురుకుని ఉంటే ఇంద్రుడికి ఆత్మవిద్య దక్కేది కాదు, మనకు ఆ ఉపనిషత్తూ మిగిలేది కాదు.